బూట్ ఆగితే వచ్చే నీలం తెర: రెండేళ్లు వాడాక నా మాట

విశాఖ ద్వారకానగర్‌లో మా మేనల్లుడు చిన్న కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ నడుపుతున్నాడు. పన్నెండు మెషీన్లు, అన్నిట్లో ఫెడోరా అనే లినక్స్. వాటి మంచీచెడూ నావంతు, జీతం మధ్యాహ్నం భోజనం. 2023 డిసెంబరులో సిస్టమ్‌డీ (బూట్ అయ్యేటప్పుడు లినక్స్‌లో అన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) 255వ వెర్షన్‌తో లినక్స్‌కీ నీలం తెర వచ్చిందని చదివి తెగ సంబరపడ్డాను. విండోస్ పడిపోతే వచ్చే నీలం తెరని అన్నేళ్లు ఎగతాళి చేసి చివరికి మనమే దాన్ని తెచ్చుకున్నాం. తీరా 2025లో విండోస్ వాళ్లు నలుపుకి మారిపోయారు, అదో తమాషా.

దీని పేరు సిస్టమ్‌డీ-బీఎస్‌ఓడీ. లాగ్‌లో (సిస్టమ్ రాసుకునే చిట్టాలో) ఎమర్జెన్సీ స్థాయి, అంటే అన్నిటికన్నా తీవ్రమైన మెసేజ్ పడితే తెరంతా నీలం చేసి, 'ఈసారి బూట్ ఫెయిలైంది' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు లైనొకటి, దాని కింద ఆ మెసేజ్, పక్కన క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్‌లో ఉండేది లింకు కాదు, ఆ మెసేజే. లిబ్‌క్యూఆర్‌ఎన్‌కోడ్ లైబ్రరీ లేకపోతే కోడ్ రాదు, అక్షరాలే వస్తాయి. నేనే కావాలని ఒక ఎమర్జెన్సీ మెసేజ్ లాగ్‌లోకి పంపి దీన్ని నడిపి చూశాను. చూడ్డానికి బాగుంది, ఏదో ఒక కీ నొక్కితే పోతుంది.

కానీ నిజంగా మెషీన్ పడిపోయినప్పుడు ఈ తెర నాకు ఎన్నిసార్లు కనిపించిందంటే, ఒక్కసారి కూడా లేదు.

ఎందుకో ఏడో నంబర్ మెషీన్ దగ్గర తెలిసింది. లోగో తిరుగుతూనే ఉంది. ఎస్కేప్ నొక్కితే వెనకాల 'స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని, ఎర్ర చుక్కలు అటూ ఇటూ ఊగుతూ, సెకన్ల లెక్క. అది అయ్యాక ఎమర్జెన్సీ మోడ్, అంటే బాగుచేసుకోమని ఇచ్చే ఒట్టి కమాండ్ తెర. పేరులో ఎమర్జెన్సీ ఉన్నా ఆ స్థాయి మెసేజ్ లేదు కాబట్టి నీలం తెర లేదు. పైగా మా వాటిలో రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ పెట్టలేదు. 'రూట్ అకౌంట్ లాక్ అయి ఉంది, ఎంటర్ నొక్కండి' అంటుంది, నొక్కితే మళ్లీ అదే. కాలింగ్ బెల్ కొడితే లోపలి నుంచి "ఎవరూ లేరు" అన్నట్టు.

పైకి చూస్తే పసుపు రంగులో 'డిపెండెన్సీ ఫెయిల్డ్' అన్న లైను ఉంది, అందులో డేటా డిస్క్ పేరు. మావాడు ముందురోజు పాత హార్డ్‌డిస్క్ పీకి వేరే మెషీన్‌లో పెట్టాడట. ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో దాని లైను అలాగే ఉంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఆ లైనుని పట్టించుకోకుండా దాని ముందు హ్యాష్ (#) పెడితే పని అయిపోయింది. ఇప్పుడు రెండో డిస్క్ ఉన్న ప్రతిచోటా నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా బూట్ ఆగొద్దని చెప్పే మాట) పెట్టేశాను.

నాకు నిజంగా పనికొచ్చింది ఇంకో తెర. అది లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌దే. కెర్నల్ 6.10 వెర్షన్‌లో మొదలై 6.12లో క్యూఆర్ కోడ్ కూడా చేరిన డీఆర్‌ఎమ్ ప్యానిక్, అంటే కెర్నల్ పడిపోయినప్పుడు వచ్చే తెర. ఇంతకు ముందు డెస్క్‌టాప్ నడుస్తుండగా కెర్నల్ పడిపోతే బొమ్మ బిగుసుకుపోయేది, క్యాప్స్‌లాక్ లైటు మిణుకుమిణుకుమనేది, అంతే.

మొన్న వానల్లో కెర్నల్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పొద్దున్నే ఫోను: "మావయ్యా, స్క్రీన్ నల్లగా అయిపోయి పజిల్ లాంటిదేదో వచ్చింది." వాట్సాప్‌లో ఫొటో పెట్టమన్నాను. వాట్సాప్ సైజు తగ్గించి పంపిన ఫొటోలో గళ్లన్నీ కలిసిపోయి స్కాన్ కాలేదు. డాక్యుమెంట్‌గా పంపితే అయింది. మధురవాడలో మంచం మీద కూర్చుని లాగ్ చదివాను: రూట్ ఫైల్ సిస్టమ్ (లినక్స్ ఉన్న డిస్క్ భాగం) మౌంట్ కావట్లేదు, డిస్క్ నంబరు చోట సున్నా కామా సున్నా. అంటే బూట్ మొదట్లో డిస్క్ డ్రైవర్లు అందించే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు తయారుకాలేదు. "గ్రబ్‌లో, అదే బూట్ మెనూలో, రెండో లైను, పాత కెర్నల్ ఎంచుకోరా" అన్నాను. లేచింది. కొత్తదానికి ఆ ఫైలుని డ్రాకట్ కమాండ్‌తో మళ్లీ తయారు చేయించాను.

ఒకటే తంటా. ఇందులో 'యూజర్' అనే రకం తెర ఉంది, అది 'కెర్నల్ ప్యానిక్, రీబూట్ చేయండి' అని ఊరుకుంటుంది. మామూలు జనం భయపడకూడదని కాబోలు. బాగుచేసేవాడికి మాత్రం దానివల్ల ఒరిగేది సున్నా. ఆ తెరే వస్తుంటే, బూట్‌లో కెర్నల్‌కి ఇచ్చే సెట్టింగుల లైనులో క్యూఆర్ రకం మనమే అడిగి పెట్టుకోవాలి. పన్నెండు మెషీన్లలోనూ పెట్టాను.

నీలం తెరకి ఐదుకి రెండు, నల్ల తెరకి నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కూ 'యూజర్' తెరదే. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ మావాడు ఇంకా కొనలేదు.