హనోయ్ నుంచి సైగాన్‌కు ఒంటరిగా సైకిల్ మీద: తీరం దారి మేలా, కొండ దారి మేలా?

వియత్నాంలో సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటే. సముద్రం వైపున్న 1వ నంబరు హైవే పట్టుకోవాలా, పడమటి కొండల్లోంచి పోయే హో చి మిన్ రోడ్డు పట్టుకోవాలా? హైవే మీద హనోయ్ నుంచి సైగాన్‌కు, అంటే ఇప్పటి హో చి మిన్ సిటీకి, సుమారు 1,700 కిలోమీటర్లు. కొండదారిలో కిలోమీటర్ల కంటే ఎత్తుపల్లాలే లెక్క. రెండు దారుల్లోనూ ముక్కలు ముక్కలుగా తొక్కాను. ఒంటరిగా వెళ్లేవాళ్లకు కొండదారే మేలని నా గట్టి నమ్మకం. అయితే అందులో ఒక భాగం విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి.

హైవేతో ఉన్న సుఖం పెద్దదే. కొద్ది దూరానికొకసారి తిండి దొరుకుతుంది. 'న్యా ఙీ' అని బోర్డున్న చిన్న లాడ్జీలు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. రైలు మార్గం చాలాచోట్ల రోడ్డు వెంటే నడుస్తుంది కాబట్టి జ్వరం వచ్చినా, మోకాలు పట్టేసినా డోంగ్ హోయ్‌లోనో హ్యూలోనో సైకిల్‌ను పార్సిల్‌గా వేసి రైలెక్కొచ్చు. తొలిసారి వెళ్లేవాళ్లకు ఇది కొండంత ధైర్యం. కానీ రోజంతా లారీల హారన్ చెవిలో మోగుతూనే ఉంటుంది. పక్క లేన్‌లో మనకు ఎదురుగా బైకులు వచ్చేస్తాయి. అసలే అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, మన అలవాటు ఎడమ. మొదటి రెండు రోజులు నాకు ప్రతి కూడలిలోనూ టెన్షనే. సాయంత్రానికి కాళ్లకంటే తల ఎక్కువ అలిసిపోయేది.

కొండదారిలో అలసట వేరు. హ్యూకి పడమట ఆలూయి అనే ఊరి వైపు ఒక ఎత్తు ఎక్కుతుంటే మబ్బు రోడ్డు మీదికి దిగింది. పది అడుగుల ముందు ఏముందో కనపడదు. సైకిల్ దిగి తోసుకుంటూ నడిచాను. మలుపు తిరగ్గానే రేకుల పాక, లోపల నాలుగు ఊయల మంచాలు, పొయ్యి మీద కెటిల్. ఒక పెద్దావిడ నా తడిసిన చొక్కా చూసి, ఒక వేలు పైకెత్తి "మోట్ మిన్?" అంది. ఒక్క మనిషివేనా అని. తల ఊపాను. ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి చేతిలో పెట్టి, ఊయల చూపించి పడుకోమంది. లేచేసరికి నా సాక్సులు పొయ్యి పక్కన కర్రకు ఆరేసి ఉన్నాయి.

'మోట్ మిన్' అనే మాట ఆ కొండల్లో రోజుకు పదిసార్లు విన్నాను. హైవే మీద ఒక్కరూ అడగలేదు. అక్కడ వేలమందిలో నేనొకణ్ణి, ఇక్కడ ఆ పూట ఆ రోడ్డున వచ్చిన కొత్తమనిషిని. భాష రాని దేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

ఇక జాగ్రత్త సంగతి. గుహలకు పేరున్న ఫోంగ్ న్యా దగ్గర హో చి మిన్ రోడ్డు తూర్పు, పడమర పాయలుగా చీలుతుంది. అక్కడి నుంచి ఖే సాన్ దాకా వెళ్లే పడమటి పాయ 230 కిలోమీటర్లకు పైనే. సిమెంటు రోడ్డు బాగుంటుంది, బండ్లు దాదాపు ఉండవు, అడవి అద్భుతం. కానీ బస, తిండి దొరికే చోట్లు బాగా తక్కువ. ట్యూబు పేలితే అతికేవాళ్లు లేరు, కాలు బెణికితే అడిగేవాళ్లు లేరు. రెండు రోజుల తిండి, రెండు ట్యూబులు లేకుండా అటు వెళ్లొద్దు. ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. క్వాంగ్ చీ ప్రాంతంలో యుద్ధకాలపు పేలని బాంబులు ఇప్పటికీ నేలలో ఉన్నాయి. టెంటు వేయడానికని రోడ్డు దిగి పొదల్లోకి వెళ్లకండి. మీకు ఇదే తొలి ప్రయాణమైతే ఈ ఒక్క ముక్కా వదిలేసి తూర్పు పాయలో వెళ్లండి.

తీరాన్ని పూర్తిగా వదులుకోమని కూడా అనను. హ్యూ, డా నాంగ్ మధ్య 496 మీటర్ల ఎత్తున్న హాయ్ వాన్ కనుమ తప్పక తొక్కాలి. 2005లో సొరంగం తెరిచాక లారీల్లో చాలావరకు అటు పోతున్నాయి, కనుమ మనకు మిగిలింది. హోయి ఆన్ దగ్గరి మీ సన్‌లో, ఒకప్పుడు ఈ తీరాన్ని ఏలిన చంపా రాజుల శివాలయాలున్నాయి. దక్షిణాన ఫాన్ రాంగ్‌లోని ఇటుక గోపురంలో వాళ్ల వారసులైన చామ్ ప్రజలు ఇప్పటికీ పూజిస్తున్న ముఖలింగం ఉంది. శ్రీకాకుళం శ్రీముఖలింగం చూసినవాళ్లకు అక్కడ కాళ్లు కదలవు. అందుకే హోయి ఆన్ నుంచి మళ్లీ కొండెక్కి కోన్ తుమ్, కాఫీ తోటల బువాన్ మా థువోట్ మీదుగా న్యా ట్రాంగ్‌కు దిగండి. అక్కడి నుంచి హైవే కాకుండా, ఫాన్ రాంగ్ దాకా సముద్రాన్ని ఆనుకుని వెళ్లే చిన్న రోడ్డు పట్టుకోండి.

శాకాహారులకు తీరం పట్టణాలే సులువు. 'కమ్ చై' అని బోర్డుంటే అక్కడ మాంసం, చేపల సాస్ ఉండవు. పాడ్యమి, పౌర్ణమి రోజుల్లో అక్కడ చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజు ఇంకా తేలిక. కొండల్లో అన్నం, కోడిగుడ్డు, ఉడికించిన ఆకుకూరతో సరిపెట్టుకోవాలి. సైకిల్‌కు మోటార్‌బైకుకు ఉండే లావు వాల్వు ట్యూబులే వేయించుకోండి, ఏ మెకానిక్ షెడ్డులోనైనా గాలి పట్టించుకోవచ్చు.

బయల్దేరడానికి చాంద్రమాన కొత్త సంవత్సరం టెట్ అయిపోయాక, ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మంచిది. టెట్ రోజుల్లో కొట్లు మూసేస్తారు. అక్టోబరు, నవంబరుల్లో హ్యూ చుట్టుపక్కల వానలు, వరదలు. ఈ-వీసా 90 రోజులకు ఇస్తున్నారు, తక్కువ రోజులకు అడగొద్దు. కొండల్లో రోజుకు 60 కిలోమీటర్లే లెక్క వేసుకోండి.