బూటులో అంటించుకునే మెటటార్సల్ ప్యాడ్: 1,500 కిలోమీటర్ల వాడకం తరువాత

బ్రెవే అంటే నిర్ణీత గడువులోగా ముగించాల్సిన సుదూర సైకిల్ ప్రయాణం. 300 కిలోమీటర్ల బ్రెవేకు 20 గంటల గడువు ఉంటుంది. ఆ సమయంలో ఎక్కువ భాగం అరికాలి ముందుభాగం పెడల్ మీద ఒకే చోట ఒత్తుకుంటూనే ఉంటుంది. హైదరాబాదు నుంచి సూర్యాపేట వైపు చేసిన రెండు వేసవి ప్రయాణాల్లోనూ నకిరేకల్ చేరేసరికి నా కుడిపాదంలో మూడో, నాలుగో వేళ్లు మొద్దుబారి, వాటి మొదళ్లలో నిప్పు తగిలినట్టు మంట పుట్టింది. టీ దుకాణం దగ్గర బూటు విప్పి కూర్చుంటే తగ్గేది, మళ్లీ సైకిలెక్కిన గంటకు తిరిగి వచ్చేది. దీనికోసం నేను కొన్నది మెటటార్సల్ ప్యాడ్, అంటే నీటిబొట్టు ఆకారంలో ఉండి, బూటు లోపల పాదం కింద ఉండే పొరకు (ఇన్‌సోల్‌కు) అంటించుకునే చిన్న మెత్త.

వేళ్లకు వెళ్లే నరాలు పాదం ముందుభాగంలోని పొడవాటి ఎముకల మధ్య నుంచి సాగుతాయి. ఇరుకైన బూటు ఆ ఎముకలను పక్కల నుంచి దగ్గరికి నొక్కుతుంది, పెడల్ కింది నుంచి ఒత్తుతుంది. నడుమ నలిగేది నరమే. ప్యాడ్ ఎముకల కొసలకు కాస్త వెనుకగా ఆసరా ఇచ్చి, బరువును అక్కడికి మళ్లిస్తుంది. కాబట్టి దాన్ని నొప్పి ఉన్న చోట కాక దానికి వెనుకనే అంటించాలి. ఈ సంగతి గ్రహించక నేను మొదట మంట పుట్టే చోటనే అంటించాను. 40 కిలోమీటర్లు దాటకముందే నొప్పి రెట్టింపయింది. తరువాత వేళ్ల మొదళ్ల కింద తడి కుంకుమ రాసుకుని, ఇన్‌సోల్ మీద నిలబడి, పడిన గుర్తులకు వెనుక అంచున ప్యాడ్ అంటించి, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున జరుపుకుంటూ నాలుగు ప్రయాణాల్లో సరైన స్థానం పట్టుకున్నాను. ఇంత ఓపిక లేనివారికి ఈ వస్తువు నచ్చదు.

జెల్ రకం, ఫెల్ట్ (ఉన్ని లాంటి పోగులను ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) రకం రెండూ కొన్నాను. జెల్ ప్యాడ్ చేతికి మెత్తగా ఉన్నా, చెమటకు జిగురు వదిలి బూటులో జారిపోయింది. ఫెల్ట్ కొంచెం గట్టిగా ఉంటుంది, మొదటి రోజు గులకరాయి మీద కాలు పెట్టినట్టు అనిపిస్తుంది, కానీ కదలదు. అంచులను కత్తెరతో పలుచన చేసుకోవచ్చు. నా ఎంపిక ఫెల్టే. అయితే 1,500 కిలోమీటర్లు తిరిగేసరికి అది అణిగిపోయి సగం మందానికి వచ్చింది, కాబట్టి దాన్ని మార్చుకుంటూ ఉండవలసిన వస్తువుగానే లెక్కవేయాలి.

ఫలితం మాత్రం స్పష్టం. మూడోసారి అదే దారిలో వెళ్లినప్పుడు మంట రాలేదు. చివరి 50 కిలోమీటర్లలో స్వల్పంగా తిమ్మిరి వచ్చింది, అది కూడా బూటు పట్టీలు వదులు చేయగానే పోయింది. కానీ ఈ ఘనతంతా ప్యాడ్‌దే అనడం న్యాయం కాదు. ప్యాడ్ బూటులో చోటు ఆక్రమిస్తుంది, ఎండలో పాదం ఉబ్బుతుంది. కనుక పాత ఇరుకు బూట్ల స్థానంలో వేళ్ల దగ్గర వెడల్పు ఎక్కువున్న జత కొని, మందపాటి సాక్సులు మానేశాను. క్లీట్‌ను, అంటే బూటు అడుగున ఉండి పెడల్‌ను పట్టుకునే ముక్కను, వీలైనంత మడమ వైపు జరిపి, దానికి తగ్గట్టు సీటును కొద్దిగా దించాను. బరువైన గేరులో బలంగా తొక్కే అలవాటు వదిలి, తేలిక గేరులో వేగంగా తిప్పడం మొదలుపెట్టాను. బూటు బిగుతుగా ఉన్నవారు ముందు బూటు మార్చుకోవాలి. ఇరుకు బూటులో ప్యాడ్ పెడితే పాదాన్ని మరింత నొక్కుతుంది.

మధుమేహం ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవారు వైద్యుణ్ని అడగకుండా దీన్ని వాడకూడదు. ఒత్తిడి తెలియక పుండు పడే ప్రమాదం ఉంది. సైకిల్ దిగిన మరునాటికి కూడా తిమ్మిరి తగ్గనివారు ప్యాడ్ కొనేముందు పాదం చూపించుకోవడం అవసరం.