వీ స్పోర్ట్స్ బౌలింగ్: బలం కాదు, మణికట్టు

నల్లగొండలో సెకండ్‌హ్యాండ్ వీ (టీవీకి పెట్టి ఆడే నింటెండో గేమ్ మిషిన్) కొనేవాళ్లు ముందుగాల అడాప్టర్ చూడాలె. అమెరికాదైతే 120 వోల్టులకే, మన 230కి పెడితే మాడిపోతది. దాని మీద ఆడే వీ స్పోర్ట్స్ 2006 ఆటే గానీ, అందుల బౌలింగ్ ఇప్పటికీ పసందే. రిమోట్ మీది బీ బటన్ ఒత్తిపట్టి చెయ్యి ఊపి, ముందుకొచ్చినప్పుడు వదలాలె. వెనక ఊపులనే వదిలితే బంతి చూసేటోళ్ల మీదికి పోతది! స్పిన్‌కు వదిలేటప్పుడు మణికట్టు జర తిప్పితే చాలు.

పవర్ త్రోస్ అనే ట్రైనింగ్ ఆటల పిన్నులు 10తో మొదలై పదో విసురుకు 91 అయితయి. అసలు కిటుకు గక్కడుంది: బొమ్మను పూర్తిగా ఓ పక్కకు జరిపి, గురి అంచుగోడ దిక్కు తిప్పి, బంతి ఆ గోడ మీదనే చివరిదాకా దొర్లేటట్టు వెయ్యాలె. చేరిందా, పిన్నులన్నీ ఒక్కసారే కూలుతయి. గోడ మీద నుంచి మధ్యల జారితే మాత్రం మామూలు దెబ్బే.

టెన్నిస్‌ల ఇంత మజా లేదు. రిమోట్ పట్టీ మాత్రం మణికట్టుకు బిగించుకోండి, టీవీ ఎదురుగనే ఉంటది.