పుల్ల విరిగితే: ఒక్కటి మార్చాలా, అన్నీనా, చక్రమే మార్చాలా?

ఆదివారం సైకిల్ రైడ్‌లో ఎవరిదో ఒకరిది వెనక చక్రం పుల్ల, అంటే స్పోక్, విరుగుతుంది. సోమవారం నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, ఒక్క స్పోక్ వేయిస్తే చాలా, కొత్త వీల్ కొనేయనా?" ఈసారి ఆ ప్రశ్న నాకే వచ్చిపడింది. రెండు నెలల్లో మూడు పుల్లలు పోయాయి.

మొదటి పుల్లకు పెద్దగా ఆలోచించక్కర్లేదు. అదే పొడవుది వేయించి, బెండు తీయించుకుని తిరగండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా తంటాయే, అందుకని విరిగిన ముక్కలు రెండూ షాపుకు పట్టుకెళ్లండి. గేర్ల వైపుదైతే క్యాసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) విప్పాలి. విప్పే పనిముట్టు లేని చోట పుల్లనే వంచి దూర్చేస్తారు, ఒప్పుకోకండి.

రెండోది కూడా విరిగితే, ఎక్కడ విరిగిందో చూడండి. నాది హబ్ (పుల్లలన్నీ వచ్చి కలిసే చక్రం నడిమి భాగం) దగ్గర వంపులో తెగింది. తెగిన చోట కొంత మేర మసకగా, మిగతాది తళతళలాడుతూ ఉంది. అంటే ఆ రోజు గుంతలో పడి విరిగింది కాదు, పగులు ఎన్నాళ్లుగానో లోపల పాకుతోంది. రోడ్ సైకిల్ చక్రం కిలోమీటరుకు దాదాపు 475 చుట్లు తిరుగుతుంది. 10,000 కిలోమీటర్లకు 47 లక్షల పైమాటే. చుట్టు చుట్టుకీ నేలవైపు వచ్చిన పుల్ల కాస్త వదులై మళ్లీ బిగుస్తుంది. పక్క పుల్లలూ అన్ని చుట్లే తిరిగాయి కదా! ఇక ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే ప్రతి నెలా షాపు చుట్టూ తిరగడమే.

కాబట్టి అసలు పోటీ పుల్లలన్నీ మార్చడానికీ, రెడీమేడ్ చక్రానికీ మధ్యే. రెడీమేడ్‌ది ఇవాళ కొంటే రేపు ఎక్కేయొచ్చు, బరువూ తక్కువే, చూడ్డానికీ బాగుంటుంది. కానీ చాలావాటికి 20, 24 పుల్లలే. పైగా వంపు లేని ప్రత్యేకమైన రకం, పల్లెటూరి షాపులో అడిగితే మన మొహం వంక చూస్తారు. నాకు ఇదే ముఖ్యం: దారిలో విరిగితే ఇల్లు చేరగలమా?

నా మూడో పుల్ల జహీరాబాద్ దాటాక పోయింది, ఎడమ వైపుది. రిమ్ కుడికి లాగేసింది. విరిగిన పుల్లను పక్కదానికి మెలిపెట్టి, బ్రేక్ వదులు చేసి, విరిగినదానికి అటూ ఇటూ ఉన్న కుడివైపు పుల్లల్ని అర చుట్టు చొప్పున వదిలించాను. అలాగే వంద కిలోమీటర్లు తొక్కి హైదరాబాద్ వచ్చేశా. నాది 32 పుల్లల చక్రం మరి. పోయినేడు నాతో వచ్చిన తమ్ముడికి 20 పుల్లల చక్రంలో ఒక్కటే విరిగింది. రిమ్ వెళ్లి ఫ్రేముకు రాసుకుంది. సైకిల్ బస్సెక్కింది.

అందుకే నేను పాత హబ్‌కే 32 కొత్త పుల్లలు కట్టించాను. రిమ్‌నే పట్టి ఆపే రిమ్ బ్రేకులున్నవాళ్లు ముందు రిమ్ చూసుకోండి. బ్రేక్ తగిలే చోట వేలితో రాస్తే గుంటగా తగిలినా, అరుగుదల గుర్తు చెరిగిపోయినా రిమ్ కూడా మార్చాల్సిందే. డిస్క్ బ్రేకులైతే నిపుల్ (పుల్లను రిమ్‌కు బిగించే చిన్న నట్టు) రంధ్రాల దగ్గర పగుళ్లు చూస్తే చాలు. ఇక పాత పుల్లలతో కొత్త రిమ్ అంటారా, అలసిన పుల్లలు అలాగే ఉంటాయి, కూలి దండగ. సెకండ్ హ్యాండ్ చక్రం ఎన్ని వేలు తిరిగిందో ఎవరికి తెలుసు?

చౌకేమీ కాదు. మంచి బటెడ్ (చివర్లు లావుగా, నడుమ సన్నగా ఉండే) పుల్లలు, ఇత్తడి నిపుల్స్, కూలీ కలిపితే మామూలు రెడీమేడ్ చక్రం ధరకు దగ్గరగా పోతుంది. కట్టేవాడికి చేయి తిరిగి ఉండాలి కూడా. బిగించాక పుల్లల్ని జంటలుగా పట్టుకుని గట్టిగా నొక్కుతున్నాడా లేదా చూడండి. ఆ నొక్కుడుతోనే వంపుల్లో మిగిలిన ఒత్తిడి పోతుంది. తర్వాత ఒక్కో పుల్లనీ మీటండి. ఒకే వైపువన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. వెనక చక్రంలో గేర్ల వైపు కాస్త హెచ్చుగా పలకడం మామూలే.

వెనక చక్రానికి రెండు వైపులా పుల్లల కొలతలు వేరు. కట్టించేటప్పుడే రెండేసి ఎక్కువ తీసుకోండి. నావి చైన్‌స్టేకి (వెనక చక్రం పక్కన చైను వెంబడి పోయే ఫ్రేము గొట్టానికి) టేపుతో చుట్టి ఉన్నాయి.