సొంత పద్ధతి తెచ్చి దించడమా, స్థానికులతో ఒదిగిపోవడమా: ఏది మేలు?

పరాయి దేశంలో వ్యాపారం పెట్టే సంస్థకు రెండు దారులు ఉంటాయని సాధారణంగా అంటారు. తన పని పద్ధతులను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి అమలు చేయడం ఒకటి, స్థానికుల అలవాట్లకు ఒదిగిపోవడం మరొకటి. మొదటిది అహంకారమనీ, రెండవది వివేకమనీ తేల్చేయడం సులువు. అయితే జర్మనీలో అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్‌కు, గుర్‌గావ్‌లో జపాన్ కార్ల సంస్థ సుజుకీకి ఎదురైన అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తీర్పు నిలబడదు. రెండూ మొదటి దారినే పట్టాయి. ఒకటి నష్టంతో వెనుదిరిగింది, మరొకటి దేశంలోకెల్లా పెద్ద కార్ల సంస్థగా ఎదిగింది.

వాల్‌మార్ట్ 1997లో వెర్ట్‌కాఫ్ సంస్థకు చెందిన 21 దుకాణాలను, మరుసటి ఏడాది ఇంటర్‌స్పార్‌కు చెందిన 74 దుకాణాలను కొని జర్మనీలో అడుగుపెట్టింది. అమెరికా నుంచి వచ్చిన మొదటి అధిపతికి జర్మన్ భాష రాదు. గుమ్మం దగ్గర నవ్వుతూ పలకరించే ఉద్యోగులు, బిల్లు కట్టేచోట సరుకులు సంచిలో సర్దిపెట్టే సహాయకులు, పని మొదలయ్యే ముందు అందరూ కలిసి సంస్థ పేరును నినాదంలా పలకడం, ఇవన్నీ అమెరికాలో ఉన్నట్టే వచ్చాయి. తన సామాను తానే చకచకా సర్దుకుని వెళ్లే అలవాటున్న కొనుగోలుదారుకు, తాను తినబోయే పండ్లనూ రొట్టెనూ ముక్కూమొహం తెలియని మనిషి ముట్టుకోవడం సేవగా తోచలేదు. తక్కువ ధర ఒక్కటే తమను గెలిపిస్తుందని నమ్మినవారికి ఆల్డీ, లిడ్ల్ అనే చవక ధరల దుకాణాలు అప్పటికే అక్కడ పాతుకుపోయి ఉన్న సంగతి ఎంత పెద్దదో ఆలస్యంగా తెలిసింది. పాలు, చక్కెర వంటివాటిని కొన్న ధర కంటే తక్కువకు అమ్మడం ఆపమని పోటీ నియంత్రణ సంస్థ 2000లో ఆదేశించడంతో ఆ ఆయుధం కూడా మొద్దుబారింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 2005లో తగిలింది. ఉద్యోగుల మధ్య ప్రేమ వ్యవహారాలను కట్టడి చేసే నిబంధనలనూ, తోటివారి తప్పులను ఫోనులో చెప్పే ఏర్పాటునూ సంస్థ ప్రవేశపెట్టింది. ఇటువంటి నియమాలు పెట్టేముందు ఉద్యోగుల ప్రతినిధి మండలి సమ్మతి తీసుకోవడం జర్మనీలో చట్టబద్ధమైన అవసరం. ఆ సమ్మతి లేకపోవడంతో వుప్పర్టాల్ కార్మిక న్యాయస్థానం వాటిలో పలు నిబంధనలను కొట్టివేసింది. గూఢచారి పోలీసుల పాలనను చూసిన దేశంలో సహోద్యోగి మీద సమాచారం ఇమ్మనడం ఎంత నొప్పించేదో ఊహించడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. 2006లో మిగిలిన 85 దుకాణాలనూ జర్మనీ దుకాణాల సంస్థ మెట్రోకు అమ్మి వాల్‌మార్ట్ తప్పుకుంది.

సుజుకీ తెచ్చిన పద్ధతులు మాత్రం ఇంతకంటే మృదువైనవా? భారత ప్రభుత్వ సంస్థ మారుతీతో 1982లో ఒప్పందం కుదిరి, 1983 డిసెంబరులో మొదటి కారు బయటికి వచ్చేనాటికి గుర్‌గావ్ కర్మాగారంలో షిఫ్టుకు ముందు వ్యాయామం, నిమిషాల లెక్కన విరామం, కచ్చితమైన హాజరు అమలులోకి వచ్చాయి. అయితే అక్కడ మేనేజింగ్ డైరెక్టరూ కార్మికుడూ ఒకే యూనిఫాం వేసుకున్నారు, ఒకే క్యాంటీన్‌లో తిన్నారు, అధికారులు విడి గదులు లేకుండా ఒకే హాలులో కూర్చున్నారు. గదినీ, ప్రత్యేక భోజనశాలనూ హోదాకు గుర్తుగా చూసే నాటి ప్రభుత్వరంగ అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. వాల్‌మార్ట్ నియమాల భారం గుమ్మం దగ్గర నిలబడే చిన్న ఉద్యోగి మీద పడితే, సుజుకీ నియమాలు ముందుగా అధికారి సౌకర్యాన్ని తగ్గించాయి.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ అనుభవం దీనినే బలపరుస్తుంది. గైర్హాజరుకూ గొడవలకూ పేరుమోసి 1982లో మూతపడిన జనరల్ మోటార్స్ కర్మాగారాన్ని టొయోటా ఉమ్మడి భాగస్వామిగా 1984లో తెరిపించి, ఎక్కువగా పాత కార్మికులనే తీసుకుని, యూనియన్‌ను గుర్తించి, కొందరిని జపాన్‌కు శిక్షణకు పంపి, లోపం కనబడితే తాడు లాగి లైను ఆపే అధికారం కార్మికుడికే ఇచ్చింది. ఆ కర్మాగారం నాణ్యతలో ఆదర్శంగా నిలిచింది.

అందువల్ల ఎంచుకోవలసి వస్తే నేను సుజుకీ తొలినాళ్ల దారినే ఎంచుకుంటాను, అదీ ఒక షరతుతో. 2012 జులైలో మారుతీ సుజుకీకే చెందిన మానేసర్ కర్మాగారంలో హింస చెలరేగి ఒక సీనియర్ అధికారి ప్రాణం పోయింది. ఆ ఘోరాన్ని ఏ ఫిర్యాదూ సమర్థించలేదు. కానీ అంతకు ముందు ఏడాది నుంచీ అక్కడ సమ్మెలు జరుగుతూనే ఉన్నాయి. పక్కపక్కన ఒకే పని చేసే పర్మినెంటు, కాంట్రాక్టు కార్మికుల జీతాల మధ్య పెద్ద తేడా ఉండేది, ఏడున్నర నిమిషాల టీ విరామం మీద ఫిర్యాదులు ఉండేవి. యూనిఫాం ఒకటే అయినా, దాని వెనుక ఉన్న సమానత్వం కాంట్రాక్టు కార్మికుడి దాకా రాలేదు. పెనుకొండలోని కియాలోనో, శ్రీసిటీలోని జపాన్ సంస్థల్లోనో చేరబోయే మన పిల్లలు కూడా ముందుగా ఆరా తీయవలసింది కాంట్రాక్టు కార్మికుడి జీతం ఎంత, ఫిర్యాదు వస్తే అతని మాట వినేవారు ఎవరు అనే రెండు సంగతులనే.