రెజిన్ పనిలో గ్లో పౌడర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో మా ఇంట్లోనే రెజిన్‌తో (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్ లాంటిది) కీచైన్లు, నేమ్‌ప్లేట్లు, పూజగదిలో పెట్టుకునే చిన్న ఫలకాలు చేసి అమ్ముతుంటాను. చీకట్లో వెలిగే పొడులను ఈ పనిలో కొన్నేళ్లుగా వాడుతున్నాను కనుక, కొత్త డబ్బా మూత తీసిన రోజు కలిగే ముచ్చట సంగతి అటుంచి, కాలం గడిచాక ఏది నిలిచిందో, ఏది నిలవలేదో రాయాలనుకున్నాను.

కొనేటప్పుడు రంగు కంటే ముందు చూడవలసింది ఆ పొడి దేనితో తయారైందన్నది. రాగి కలిపిన జింక్ సల్ఫైడ్ పాత రకం. చవకగా దొరుకుతుంది గానీ, దీపం ఆర్పిన కాసేపటికే మసకబారిపోతుంది. స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో యూరోపియం, డిస్ప్రోసియం అనే మూలకాలను స్వల్పంగా కలిపి చేసేది రెండో రకం. 1990లలో జపాన్‌కు చెందిన నెమోటో సంస్థ రూపొందించిన ఈ పదార్థంలో వెలుగు యూరోపియంది కాగా, గ్రహించిన శక్తిని పట్టి ఉంచి గంటల తరబడి మెల్లగా వదలడానికి డిస్ప్రోసియం తోడ్పడుతుంది. ‘రాత్రంతా వెలుగుతుంది’ అని పెద్ద అక్షరాలతో రాసి, లోపలి పదార్థం పేరు మాత్రం ఎక్కడా రాయని డబ్బాలను నేను కొనను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు అలాంటిదే పంపితే, దానితో చేసిన కీచైన్లు అరగంటైనా నిలవక మొత్తం పక్కన పడేయవలసి వచ్చింది.

రంగుల విషయంలో నా అభిప్రాయం స్థిరంగానే ఉంది: ఆకుపచ్చ, దాని తర్వాత నీలి ఆకుపచ్చ, ఈ రెండే డబ్బుకు తగినవి. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 520 నానోమీటర్లు, నీలి ఆకుపచ్చది సుమారు 490. చీకటికి అలవాటుపడిన మన కన్ను 507 నానోమీటర్ల దగ్గర అన్నిటికంటే చురుకుగా ఉంటుంది కాబట్టి, అర్ధరాత్రి దాటాక కూడా ఈ రెండు రంగులు కనిపిస్తూనే ఉంటాయి. ఎరుపు, నారింజ పొడులు పగలు ఎంత అందంగా ఉన్నా, చీకట్లో వాటి ఆయుష్షు చాలా తక్కువ. తిరునామం ఆకారంలో కీచైన్లు అడిగేవారు మధ్యగీత కూడా ఎర్రగా వెలగాలని కోరుతుంటారు. వారికి నేను చేసిచ్చే పద్ధతి వేరు: పక్కనున్న రెండు తెల్లని గీతలకు, పగలు దాదాపు తెల్లగా కనిపించే నీలి ఆకుపచ్చ పొడిని వాడి, మధ్యగీతకు మామూలు ఎరుపు రంగు వేస్తాను. దీపం ఆర్పాక మధ్యగీత చీకటిలో కలిసిపోయి, దాని రెండు వైపులా గీతలు వెలుగుతుంటే నామం రూపం ఏ తికమకా లేకుండా తెలుస్తుంది. వీటిని తీసుకున్నవారు మళ్లీ ఎర్రవెలుగు అడగలేదు.

ఈ పొడితో అసలు చిక్కు దాని బరువు. రెజిన్ సాంద్రత 1.1 దగ్గర ఉంటే, స్ట్రాన్షియం అల్యూమినేట్ సాంద్రత 3.6 దాకా ఉంటుంది. అందుకే పల్చటి రెజిన్‌లో ఎంత బాగా కలిపినా, గట్టిపడేలోగా పొడి నీళ్లలో వేసిన ఇసుకలా అడుగుకు దిగుతుంది. రేణువులు పెద్దవైతే వెలుగు ఎక్కువ, దిగే వేగమూ ఎక్కువ. దీన్ని లోపంగా చూడనక్కర్లేదు, వస్తువు ముఖం ఏ వైపు ఉందో ముందే ఆలోచించుకుంటే చాలు. సిలికాన్ అచ్చులో పోసే నేమ్‌ప్లేటుకు అచ్చు అడుగే ముఖం కాబట్టి, దిగిన పొడి సరిగ్గా అక్షరాల మీదికే చేరుతుంది. దాని వెనుక తెల్లరంగు కలిపిన రెజిన్ పొర పోస్తే, లోపలికి పోయే వెలుగు కూడా ముందుకు మళ్లుతుంది. అదే పైవైపు ముఖంగా ఉండే పళ్లెం లాంటి వస్తువైతే, రెజిన్ తేనెలా చిక్కబడే వరకు ఆగి, అప్పుడు పొడి కలిపి పోయాలి. మే నెల ఎండల్లో ఆ చిక్కదనం ఎంత త్వరగా వస్తుందంటే, ఒక్కోసారి పోయడానికే సమయం చాలదు; నవంబరు, డిసెంబరు వానల్లో అదే రెజిన్ చాలాసేపు పల్చగా ఉండి, పొడినంతా అడుగుకు వదిలేస్తుంది. వంద గ్రాముల రెజిన్‌కు పదిహేను నుంచి ఇరవై గ్రాముల పొడి నాకు సరిపోతోంది. కలపడానికి చెక్క పుల్లగానీ ప్లాస్టిక్ పుల్లగానీ వాడాలి. ఈ రేణువులు గట్టివి కనుక, లోహపు చెంచా అరిగి పొడి బూడిదరంగుకు తిరుగుతుంది. యూవీ (అతినీలలోహిత) కాంతి తగిలితే గట్టిపడే యూవీ రెజిన్‌ను మాత్రం పలుచని పొరలుగానే పోయాలి, ఎందుకంటే గట్టిపడటానికి కావలసిన కాంతిని ఈ పొడే తాగేస్తుంది.

మెరుపు పొడులు, ముదురు రంగులు కలిపితే వెలుగు తగ్గడం ఖాయం. వెలుతురు పట్టించడానికి కొన్ని నిమిషాల ఎండ చాలు, యూవీ టార్చ్ అయితే ఇంకా త్వరగా అవుతుంది. పాతకాలపు పసుపు బల్బు కింద గంటసేపు ఉంచినా తృప్తికరంగా ఉండదు. వేడి ప్రభావం కూడా గమనించదగ్గది. ఒకేలా ఎండ చూపించిన రెండు కీచైన్లలో ఒకదాన్ని ఫ్రీజర్‌లో ఉంచితే అది మసకబారింది. బయటకు తీసి అరచేతిలో పట్టుకోగానే, అప్పటికే వెలవెలబోయిన రెండోదాని కంటే ప్రకాశవంతంగా వెలిగింది. వేసవి రాత్రుల్లో మా వస్తువులు మొదట ధగధగలాడి తొందరగా తగ్గిపోవడానికి కారణం ఇదే.

ఏళ్లు గడిచాక ముందు పాడయ్యేది పొడి కాదు, రెజిన్. గుమ్మం పక్కన ఎండ తగిలే చోట పెట్టిన ఫలకం పసుపుబారితే, లోపలికి వెళ్లవలసిన నీలి, యూవీ కాంతిని ఆ పసుపుతనమే అడ్డుకుంటుంది. నీడపట్టున ఉన్నవి ఇప్పటికీ బాగానే వెలుగుతున్నాయి. ఇక తేమ సంగతి. పూత లేని పొడి నీటితో చర్యపొంది పాడవుతుంది కనుక, ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు రేణువులు బయటపడ్డ చోట మళ్లీ రెజిన్ పూత వేయడం తప్పనిసరి. నీటి ఆధారిత రంగుల్లో కలపదలచుకుంటే, పూత పూసిన రకమే అడిగి తీసుకోవాలి.

ఇది రేడియమా, పిల్లలకు ఇవ్వొచ్చా అని చాలామంది తల్లులు అడుగుతారు. స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో రేడియోధార్మికత లేదు, పాతకాలపు గడియారాల ముళ్లకు పూసిన రేడియంతో దీనికి సంబంధం లేదు. జాగ్రత్త పడవలసింది తయారుచేసేవారే: పొడి తూచేటప్పుడు, గట్టిపడ్డ ముక్కను రుద్దేటప్పుడు మాస్కు ఉండాలి, ఫ్యాను ఆపి ఉండాలి.