వాల్టర్ వైట్, జిమ్మీ మెగిల్: పాత్ర మారిన తీరులో ఏది మేలు?

అమెరికన్ టీవీ సీరియళ్లలో బ్రేకింగ్ బ్యాడ్ గొప్పదా, బెటర్ కాల్ సాల్ గొప్పదా అన్న వాదన రెండూ చూసినవారి మధ్య తెగేది కాదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం న్యాయమే. రెండింటి వెనుకా విన్స్ గిలిగన్ ఉన్నాడు. రెండోదానికి పీటర్ గూల్డ్ జత కలిశాడు. రెండు కథలూ ప్రధానంగా అమెరికాలోని ఆల్బుకర్కీ నగరంలోనే నడుస్తాయి. నిడివిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు: 2008 నుంచి 2013 వరకు వచ్చిన మొదటిది 62 ఎపిసోడ్లు, 2015 నుంచి 2022 వరకు వచ్చిన రెండోది 63. రెండింటిలోనూ మామూలు మనిషి ఒకడు మెల్లగా చెడిపోతాడు. విడిగా ఒక ఎపిసోడ్ ఎంత బిగువుగా ఉండవచ్చో చూడాలంటే బ్రేకింగ్ బ్యాడ్ మేలు; ఒక మనిషి ఎలా మారతాడో చూడాలంటే బెటర్ కాల్ సాల్ మేలు అని నా అభిప్రాయం. కథల ముగింపు కూడా ప్రస్తావిస్తున్నాను కనుక ఇంకా చూడనివారు ఇక్కడే ఆగడం మంచిది.

బ్రేకింగ్ బ్యాడ్ కథానాయకుడు వాల్టర్ వైట్ కెమిస్ట్రీ మాస్టారు. జీతం చాలక సాయంత్రాలు కార్లు కడిగే చోట పనిచేస్తాడు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందని తెలిశాక కుటుంబం కోసమనే సాకుతో మత్తుమందు తయారీలోకి దిగుతాడు. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో, నేలమాళిగలో కట్టేసి ఉంచిన శత్రువును చంపాలా వదిలేయాలా అని అతను కాగితం మీద రెండు వరుసలుగా కారణాలు రాసుకుంటాడు. చివరికి వదిలేద్దామనే నిశ్చయించుకొని తాళంచెవి కోసం పైకి వస్తాడు. అక్కడ అనుమానం వచ్చి చెత్తబుట్టలోని పగిలిన ప్లేటు ముక్కలన్నీ తీసి ఒక్కొక్కటిగా పేర్చి చూస్తే, కత్తిలాంటి ఒక ముక్క తక్కువవుతుంది. మాట ఒక్కటీ లేకుండా, పేర్చిన ప్లేటులోని ఖాళీ ద్వారానే మనకు విషయం తెలుస్తుంది. ఏడుస్తూ, క్షమించమంటూ చంపిన ఆ మనిషే రెండో సీజన్‌కు వచ్చేసరికి, తన భాగస్వామి జెస్సీ ప్రియురాలు జేన్ పక్కనే ఊపిరాడక చనిపోతుంటే ముందు ఒక అడుగు వేసి, ఆగి, చూస్తూ నిలబడిపోతాడు.

ఇంత బలమైన మెట్లు వేసిన కథకు వంక పెట్టడం సులభం కాదు. అయినా నాకు ఒక అసంతృప్తి మిగిలే ఉంది. వాల్టర్‌ను ఎక్కువగా నడిపించేది ప్రమాదం. ఎవరో చంపడానికి వస్తారు, అతను తన తెలివితో తప్పించుకుంటాడు, ఆ తప్పించుకోవడంలో ఇంకొంచెం దిగజారతాడు. తాను స్థాపించిన కంపెనీకి దూరమైన అక్కసు, పాత స్నేహితుడు వైద్యం ఖర్చు భరిస్తానంటే కాదన్న అహం మొదటి సీజన్‌లోనే బయటపడతాయి. ఆ తరువాత మనం చూసేది, ఉన్న అహం బయటికి రావడమే తప్ప కొత్త మనిషి తయారు కావడం కాదేమో అనిపిస్తుంది.

బెటర్ కాల్ సాల్ కథానాయకుడు జిమ్మీ మెగిల్ సంగతి వేరు. పూర్వం చిల్లర మోసాలు చేసినవాడు, అన్న చక్ పనిచేసే సంస్థలోనే ఉత్తరాలు పంచుతూ దూరవిద్య ద్వారా లా చదివి, గోళ్ల సెలూన్ వెనుక గదిలో ఆఫీసు పెట్టుకున్నవాడు. అతనికి కావలసినది అన్నగారి మెప్పు ఒక్కటే. మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో, తనకు ఉద్యోగం రాకుండా అడ్డుపడుతున్నది ఆ అన్నే అని తెలుస్తుంది. నువ్వసలు లాయరువే కాదని చక్ ముఖం మీదే చెబుతాడు. అక్కడ తుపాకీ లేదు, పోలీసులు లేరు, ఒక గదిలో ఇద్దరు అన్నదమ్ములు మాత్రమే ఉన్నారు. అయినా తరువాతి అయిదు సీజన్లలో జరిగిన వాటికి చాలావరకు మూలం ఆ గదిలోనే ఉంది.

రెండో సీజన్‌లోని కాఫీ కప్పును చూడండి. జిమ్మీకి పెద్ద సంస్థలో ఉద్యోగం వస్తుంది, కంపెనీ కారు ఇస్తారు, అతని ప్రియురాలు, తోటి లాయరు కిమ్ ఆప్యాయంగా ఇచ్చిన కప్పు మాత్రం ఆ కారులో కప్పు పెట్టే చోట పట్టదు. ఎపిసోడ్లు గడిచాక ఒక రోజు ఇనుప కడ్డీ తీసుకొని ఆ చోటును పొడిచి విరగ్గొట్టి కప్పును అందులో ఇరికిస్తాడు. ఆ కొలువులో అతను ఇమడలేడని ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కరలేదు. నాలుగో సీజన్ మొదట్లో, చక్ చనిపోయినది తన వల్లనే అని అతని సంస్థలోని భాగస్వామి హోవర్డ్ కుమిలిపోతుంటే, ఆ భారం నువ్వే మోసుకో అన్నట్టు మాట్లాడి, హుషారుగా చేపలకు మేత వేసి కాఫీ పెట్టుకుంటాడు జిమ్మీ. జేన్ మరణాన్ని చూస్తూ నిలబడిన వాల్టర్ కన్నా ఈ మనిషే నన్ను ఎక్కువ భయపెట్టాడు. లోపల ఏదో మూసుకుపోయిందని మనకు తెలుస్తుంది, అతనికి తెలియదు.

నెమ్మదితనం వల్లనే ఇది సాధ్యమైందనడం సగం నిజమే. మన డైలీ సీరియళ్లు కూడా నెమ్మదిగానే నడుస్తాయి, కానీ అక్కడ చాలాసార్లు గడిచేది కాలమే. నిన్నటి అవమానం రేపటి ఎపిసోడ్‌కు గుర్తుండదు, విలన్‌గా అడుగుపెట్టిన పాత్ర ఒక్క వారంలో మంచిదైపోతుంది. బెటర్ కాల్ సాల్‌లో ప్రతి చిన్న అబద్ధమూ లెక్కలో నిలిచి ఉండి, ఎప్పటికో వడ్డీతో సహా తిరిగి వస్తుంది.

మిగతా పాత్రల విషయంలో తూకం కొంత అటూ ఇటూ అవుతుంది. వాల్టర్ భాగస్వామి జెస్సీ పింక్‌మన్‌ను మొదటి సీజన్‌లోనే చంపేయాలని ముందు అనుకున్నారట. అతన్ని ఉంచడం వల్ల బ్రేకింగ్ బ్యాడ్‌కు మనస్సాక్షి దొరికింది. అటువైపు బెటర్ కాల్ సాల్‌లోని మత్తుమందుల ముఠా కథలో ముఠా మనిషి నాచో తప్ప ఎవరిలోనూ పెద్ద మార్పు లేదు, బ్రేకింగ్ బ్యాడ్‌లోనే చూసిన మత్తుమందుల వ్యాపారి గస్ గురించి కొత్తగా తెలిసేది తక్కువ. ఆ భాగాలు లేకపోయినా బెటర్ కాల్ సాల్ నిలబడేది. కానీ కిమ్ వెక్స్‌లర్‌తో పోల్చదగిన పాత్ర రెండింటిలోనూ ఇంకొకటి లేదు. బెటర్ కాల్ సాల్ కథ బ్రేకింగ్ బ్యాడ్‌కు ముందు జరిగేది కనుక, జిమ్మీ చివరికి అందులోని మోసకారి లాయరు సాల్ అవుతాడని మనకు ముందే తెలుసు. బ్రేకింగ్ బ్యాడ్‌లో కిమ్ కనిపించదు కనుక ఆమె ఏమవుతుందో తెలియదు. అందువల్ల జిమ్మీ వేసే ప్రతి తప్పటడుగూ ఆమె కోసం మనల్ని కలవరపెడుతుంది. ఆమె కూడా ఆ మోసాల్లో ఆనందం పొందుతోందని గ్రహించిన క్షణం నుంచి ఆ కలవరం రెట్టింపవుతుంది. వాల్టర్ భార్య స్కైలర్‌కు కూడా ఇంత చోటు దక్కి ఉంటే, ఎందరో ప్రేక్షకులు ఆమెను అంత అన్యాయంగా ద్వేషించేవారు కాదని నా నమ్మకం.

ముగింపులు ఈ తేడాను ఇంకా స్పష్టం చేస్తాయి. వాల్టర్ చివరి ఎపిసోడ్‌లో ఇదంతా నా కోసమే చేశానని భార్య దగ్గర ఒప్పుకుంటాడు. అది గొప్ప ఘట్టం. కానీ అదే ఎపిసోడ్‌లో డబ్బు పిల్లలకు చేరే ఏర్పాటూ, శత్రువుల చావూ, జెస్సీ విడుదలా అన్నీ అతను అనుకున్నట్టే అమరిపోవడం నాకు మింగుడుపడలేదు. జిమ్మీ ఏడేళ్ల శిక్షకు బేరం కుదుర్చుకొని కూడా, కిమ్ ఎదుట కోర్టులో నిజం చెప్పి 86 ఏళ్లు తెచ్చుకుంటాడు, తన పాత పేరు తిరిగి అడుగుతాడు. ఆరు సీజన్ల పాటు మాటలతో తప్పించుకున్నవాడు మొదటిసారి మాటలతోనే తనను తాను అప్పగించుకుంటాడు.

కొత్తగా చూడబోయేవారు బ్రేకింగ్ బ్యాడ్‌తోనే మొదలుపెట్టాలి; కథాకాలంలో తరువాత వచ్చేది అదే అయినా, సాల్ ఎవరో తెలిసిన కళ్లకే జిమ్మీ విలువ తెలుస్తుంది. ఆపై బెటర్ కాల్ సాల్ తొలి ఎపిసోడ్లు మందకొడిగా తోచినా, చక్ నోరు విప్పే ఆ తొమ్మిదో ఎపిసోడ్ వరకు చూసి, కొనసాగించాలో లేదో అప్పుడు నిర్ణయించుకోండి.